వ్యాపార సంస్థలకు ఈథర్‌నెట్ సేవలను అమ్మడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆపరేటర్లకు ఒక సమగ్ర మార్గదర్శి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫైబర్ వెళ్లని పట్టణం ఇప్పుడు దాదాపుగా లేదు. అయినా ఇళ్లకు వేల కనెక్షన్లు ఇచ్చిన ఆపరేటరు, అదే వీధిలో ఉన్న ఆసుపత్రికో, ఊరి బయట ఉన్న కర్మాగారానికో ఒక్క ఈథర్‌నెట్ సర్క్యూట్ (సంస్థ ప్రాంగణాలను కలిపే ప్రత్యేక డేటా లైను) అమ్మలేక అవస్థపడడం తరచుగా కనిపిస్తుంది. పరికరాల కొరత దీనికి కారణం కాదు. ఇంటికి అమ్మిన అలవాటుతోనే సంస్థకూ అమ్మబోవడం అసలు చిక్కు. ఇంటి వినియోగదారుడు వేగాన్ని చూసి కొంటాడు. సంస్థ మాత్రం తన రెండు ప్రాంగణాల మధ్య ఇంత బ్యాండ్‌విడ్త్ పగలూ రాత్రీ ఉంటుందనీ, తెగితే ఇన్ని గంటల్లో అతికిస్తారనీ ఆపరేటరు రాసిచ్చే పూచీని కొంటుంది. కాబట్టి మార్కెటింగ్ పని కరపత్రంతో కాకుండా, ఆ పూచీని నిజంగా నిలబెట్టుకోగల చోట్లు ఏవో తేల్చుకోవడంతో మొదలుకావాలి. స్థానిక ఇంటర్నెట్ సంస్థలు, కేబుల్ వ్యాపారం నుంచి ఇంటర్నెట్‌లోకి వచ్చినవారు, పెద్ద ఆపరేటర్ల జిల్లా సేల్స్ మేనేజర్లు ఈ కింది అడుగులను తమ పరిస్థితికి తగినట్టు మార్చుకుని అనుసరించవచ్చు.

మొదటి అడుగు: కేబుల్ దారిని కాగితం మీద పెట్టడం

చాలామంది దగ్గర ఉండే మ్యాపు, కేబుల్ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో మాత్రమే చూపిస్తుంది. అమ్మకానికి అది చాలదు. ప్రతి ముక్క భూమిలో ఉందా, కరెంటు స్తంభాల మీద ఉందా, అందులో ఖాళీ కోర్లు (ఫైబర్ పోగులు) ఎన్ని, జాయింట్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, జాతీయ రహదారిని లేదా రైలు మార్గాన్ని ఎక్కడ దాటుతోంది అనే వివరాలను కూడా అందులో రాసుకోవాలి. 16వ నంబరు జాతీయ రహదారి, హౌరా–చెన్నై రైలు మార్గం రెండూ ఈ ప్రాంతం మీదుగానే పోతున్నాయి కనుక, రోడ్డుకు ఒక పక్క ఫైబరూ మరో పక్క ఖాతాదారూ ఉండే సందర్భాలు ఇక్కడ ఎక్కువ. అటువంటి చోట దూరం రెండు వందల మీటర్లే అయినా, అనుమతి చేతికి రావడానికి పట్టే కాలమే పనికి పట్టే కాలం. టెలికాం రైట్ ఆఫ్ వే (కేబుల్ వేయడానికి దారి హక్కు) నిబంధనలు 2025 జనవరి 1 నుంచి కొత్తగా అమలులోకి వచ్చాయి. స్తంభాలను వాడుకోవాలంటే తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థతో ఒప్పందం ఉండాలి. ఈ కాగితాల స్థితి తెలియకుండా సేల్స్ మనిషి 'పదిహేను రోజుల్లో లైను ఇచ్చేస్తాం' అని మాట ఇస్తే, ఆ మాటే మొదటి ఫిర్యాదు అవుతుంది.

మ్యాపు సిద్ధమైన తరువాత, కేబుల్‌కు అయిదు వందల మీటర్ల లోపు ఉన్న పెద్ద భవనాలన్నిటినీ ఒక జాబితాగా రాయాలి. అమ్మకాల మొదటి ఏడాది ఈ జాబితా దాటి పోవలసిన అవసరం సాధారణంగా ఉండదు. దూరంగా ఉన్న పెద్ద పేరు కోసం నాలుగు కిలోమీటర్ల తవ్వకానికి దిగి, ఆ ఖర్చు రాబట్టుకోలేక ఇంటి బ్రాడ్‌బ్యాండ్ రాబడిని దానికి ఎదురు పోయడం ఈ వ్యాపారంలో తరచుగా జరిగే నష్టం.

ఇదే దశలో రెండో దారి గురించి కూడా ఆలోచించాలి. ఉదాహరణకు శ్రీకాకుళం నుంచి చిలకపాలెం, రాజాం, పాలకొండ, ఆమదాలవలస మీదుగా తిరిగి శ్రీకాకుళం చేరే దారిలో రింగ్ (కేబుల్ వలయం) పూర్తయితే, ఒక వైపు తెగినా రెండో వైపు నుంచి సర్క్యూట్ నడుస్తుంది. సరైన పరికరాలున్న రింగ్‌లో ఆ మార్పు 50 మిల్లీసెకన్లలో జరిగిపోతుంది కాబట్టి, ఫోన్‌లో మాట్లాడుతున్నవారికి అది తెలియను కూడా తెలియదు. సొంతంగా రింగ్ పూర్తి చేయలేని ఆపరేటరు, మిగిలిన భాగానికి మరో ఆపరేటరు కోర్లను అద్దెకు తీసుకోవచ్చు. అయితే ఆ రెండో ఆపరేటరు కేబుల్ కూడా మన స్తంభాల మీదుగానే పోతోందా అని స్వయంగా నడిచి చూసుకోవాలి. ఒక్కొక్కటి 99.5 శాతం నిలిచే రెండు లైన్లు నిజంగా వేరు వేరు దారుల్లో ఉంటే, లెక్క ప్రకారం రెండూ ఒకేసారి ఆగే అవకాశం లక్షకు రెండున్నర వంతులే. రెండూ ఒకే స్తంభం మీద ఉంటే ఆ లెక్కకు అర్థమే లేదు.

రెండో అడుగు: ఎవరికి అమ్మాలి, ఎవరికి అమ్మకూడదు

పైడిభీమవరం పారిశ్రామికవాడలో డాక్టర్ రెడ్డీస్, అరబిందో వంటి మందుల సంస్థల యూనిట్లు ఉన్నాయి. ఈ తరహా సంస్థల ప్రధాన కార్యాలయాలు హైదరాబాద్‌లో ఉంటాయి. ప్రయోగశాల పరికరాల నుంచి వచ్చే రికార్డులు చెరగకుండా, మారకుండా, ఎప్పుడు అడిగినా చూపించగలిగేలా ఉండాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తనిఖీదారులు గట్టిగా పట్టుబడతారు. అందువల్ల ప్లాంటుకూ హైదరాబాద్‌కూ మధ్య బ్యాకప్ లైను వారికి ఎంతో ఉపయోగం. అయితే కొనుగోలు నిర్ణయం పైడిభీమవరంలో జరగదు. ప్లాంటులోని ఐటీ అధికారి మన పనితనం గురించి హైదరాబాద్‌కు ఒక మంచి మాట చెప్పగలడు, అంతవరకే. కాబట్టి స్థానిక ఆపరేటరు ఇక్కడ నేరుగా అమ్మబోవడం కన్నా, ఆ సంస్థకు దేశవ్యాప్తంగా నెట్‌వర్క్ నడుపుతున్న పెద్ద ఆపరేటరుకు చివరి మైలు, అంటే వారి నెట్‌వర్క్ నుంచి ప్లాంటు దాకా ఉండే చివరి ముక్క, అమ్మడం మేలు.

ఈ చివరి మైలు అమ్మకాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. నా అభిప్రాయంలో జిల్లా స్థాయి ఆపరేటరుకు నిలకడైన రాబడి ఇదే. బ్యాంకు శాఖలు, ఏటీఎంలు, బీమా కార్యాలయాలు, పెద్ద దుకాణాల గొలుసులు అన్నీ టెండర్లను ముంబయిలోనో హైదరాబాద్‌లోనో పిలుస్తాయి. ఆ టెండరు గెలిచిన ఆపరేటరుకు సోంపేటలోనో, సాలూరు దారిలోనో ఫైబర్ ఉండదు. మెట్రో ఈథర్‌నెట్ ఫోరం 2012లోనే ఇ-యాక్సెస్ పేరుతో ఇటువంటి టోకు సేవకు ప్రమాణం రూపొందించింది. ఖాతాదారు ప్రాంగణంలోని పోర్టు నుంచి రెండు నెట్‌వర్కులు కలిసే పోర్టు దాకా మన బాధ్యత, అక్కడి నుంచి వారిది. దీన్ని అమ్మడానికి కరపత్రాలు అక్కరలేదు. ఏ పిన్‌కోడ్‌లో, ఏ భవనానికి, ఎన్ని రోజుల్లో, ఎంత ధరకు సర్క్యూట్ ఇవ్వగలమో చూపే ఒక పట్టికను తయారుచేసి, నెల నెలా సరిచేసి పెద్ద ఆపరేటర్ల కొనుగోలు విభాగాలకు పంపుతూ ఉంటే చాలు. ఒక విచారణకు రెండు రోజుల్లో కచ్చితమైన జవాబు ఇచ్చే ఆపరేటరు పేరు వారి జాబితాలో పైకి వెళ్తుంది.

నేరుగా అమ్మగలిగినవారిలో ఆసుపత్రులది మొదటి స్థానం. రాత్రి పదకొండు గంటలకు ప్రమాద కేసు వస్తుంది, సీటీ స్కాన్ తీస్తారు, చూసి రిపోర్టు రాయవలసిన రేడియాలజిస్టు విశాఖపట్నంలో ఉంటారు. స్కాన్ పరిమాణం 500 మెగాబైట్లు అనుకుంటే, అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ మాత్రమే నిలిచే లైను మీద అది చేరడానికి 13 నిమిషాలు దాటుతుంది. 50 ఎంబీపీఎస్ కచ్చితంగా ఉండే సర్క్యూట్ మీద నిమిషంన్నర లోపే చేరుతుంది. ఆసుపత్రి యజమానికి ఈ లెక్క ఒక్కటి చూపిస్తే, మిగతా వివరణ చాలావరకు అవసరం ఉండదు. ఆన్‌లైన్ ప్రవేశ పరీక్షలకు కేంద్రంగా ఉండే ఇంజినీరింగ్ కళాశాలలు, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో ఉన్న పరిశ్రమలు, నాలుగైదు శాఖలున్న చిట్‌ఫండ్, ఫైనాన్స్ సంస్థలు, భోగాపురం విమానాశ్రయం చుట్టూ వస్తున్న హోటళ్లు, గోదాములు ఆ తరువాతి వరుసలో వస్తాయి.

కాశీబుగ్గలోని చిన్న జీడిపప్పు బట్టీకి గానీ, ఒంటరి రైస్ మిల్లుకు గానీ ఈథర్‌నెట్ సర్క్యూట్ అమ్మబోవడం సరి కాదు. 50 వేల రూపాయలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు, 5 కోట్ల టర్నోవరు దాటితే ఈ-ఇన్వాయిస్ తప్పవు కనుక, లారీ గేటు దాటడానికి వారికి ఇంటర్నెట్ కావలసిందే. అయితే ఆ పనికి మంచి బ్రాడ్‌బ్యాండ్, దానికి తోడు ఒక మొబైల్ డాంగిల్ సరిపోతాయి. అవసరం లేనిది అంటగడితే ఏడాది తిరగకుండానే కనెక్షన్ తీసేయమంటారు, పైగా బజారంతా చెప్పుకుంటారు. అదే వ్యాపారికి పలాసలో ఫ్యాక్టరీ, విశాఖలో గోదాము, రెండు చోట్లా ఒకే సాఫ్ట్‌వేర్ ఉంటే అప్పుడు మాట వేరు.

మూడో అడుగు: సేవను ఖాతాదారు భాషలో మలచడం

ప్రమాణాల ప్రకారం ఈథర్‌నెట్ సేవలు ప్రధానంగా మూడు రకాలు. రెండు చోట్లను మాత్రమే కలిపేది ఇ-లైన్. అనేక చోట్లను ఒకే ఆఫీసులో ఉన్నట్టు కలిపేది ఇ-ల్యాన్. ఒక ప్రధాన కార్యాలయంతో శాఖలన్నీ మాట్లాడగలిగి, శాఖలు మాత్రం ఒకదానితో ఒకటి మాట్లాడకుండా ఉంచేది ఇ-ట్రీ. ఈ పేర్లు ఒప్పందంలో ఉండాలి, కరపత్రంలో అక్కరలేదు. విజయనగరంలో ప్రధాన కార్యాలయం ఉండి చీపురుపల్లి, గజపతినగరం, ఎస్.కోట శాఖలున్న ఫైనాన్స్ సంస్థకు 'శాఖలన్నీ మీ సర్వరుకే వస్తాయి, ఒక శాఖ కంప్యూటరుకు వైరస్ పట్టినా ఈ లైను మీదుగా నేరుగా మరో శాఖలోకి పాకదు' అని చెప్తే ఇ-ట్రీ అర్థమైపోతుంది.

కచ్చితంగా ఇచ్చే బ్యాండ్‌విడ్త్‌ను సీఐఆర్ అనీ, దానికి మించి వీలున్నప్పుడు ఇచ్చేదాన్ని ఈఐఆర్ అనీ అంటారు. వంశధార కాలువ కింద రైతుకు వంతు నీరు ఎటువంటిదో సీఐఆర్ అటువంటిది. పైన మిగిలితే వచ్చే నీరు ఈఐఆర్. ఆపరేటరు చేయవలసిన అసలు పని ఏమిటంటే, ఒక లింకు మీద అమ్మిన సీఐఆర్‌లన్నీ కలిపి ఆ లింకు సామర్థ్యాన్ని మించకుండా చూసుకోవడం. బ్రాడ్‌బ్యాండ్‌లో ఒకే సామర్థ్యాన్ని చాలామందికి పంచడం మామూలే. సీఐఆర్ విషయంలో ఆ పద్ధతి పాటిస్తే, మొదటి నెలాఖరు రద్దీలోనే బండారం బయటపడుతుంది.

పాత లీజ్డ్ లైన్లలో 2 ఎంబీపీఎస్ తరువాత ఎక్కువ కావాలంటే ఇంకో లైను, లేదా ఏకంగా 34, 45 ఎంబీపీఎస్‌ల పెద్ద మెట్టు ఎక్కవలసి వచ్చేది, పరికరం కూడా మార్చవలసి వచ్చేది. ఈథర్‌నెట్‌లో పోర్టు ఒక గిగాబిట్‌ది పెట్టి 20 ఎంబీపీఎస్‌తో మొదలుపెట్టవచ్చు. పెంచాలంటే మన గదిలో కూర్చుని సెట్టింగు మార్చడమే. పరీక్షల వారం మాత్రమే ఎక్కువ కావలసిన కళాశాలకు ఆ వారానికి పెంచి ఇవ్వడం ఈ సౌలభ్యం వల్లే సాధ్యం. ఇటువంటి తాత్కాలిక పెంపును ధరల పట్టికలో ప్రత్యేకంగా చూపించాలి.

ఇంకొక మాట. ఇంటర్నెట్ ఇచ్చే అనుమతి, రెండు ప్రాంగణాల మధ్య ప్రైవేటు సర్క్యూట్ ఇచ్చే అనుమతి ఒకటి కావు. మీ లైసెన్సులో ఏ సేవకు వీలుందో న్యాయసలహాదారుతో చూపించుకోకుండా ఇ-లైన్ ప్రకటన వేయవద్దు. వీలు లేకపోతే, అనుమతి ఉన్న ఆపరేటరుతో కలిసి పనిచేయాలి.

నాలుగో అడుగు: ధర, దానిని సమర్థించుకోవడం

ఈ జిల్లాల్లో ప్రతి సేల్స్ మనిషికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే. 'ఏటి బాబూ, మా ఇంట్లో నెలకి ఆరొందలకే వంద ఎంబీ వస్తంది, నువ్వు పది ఎంబీకి వేలకి వేలు అడుగుతన్నావు?' అని వ్యాపారి అంటాడు. దీనికి జిట్టరు (జాప్యంలో హెచ్చుతగ్గులు), ప్యాకెట్ లాస్ (దారిలో పోయే డేటా) అంటూ జవాబు మొదలుపెడితే బేరం అక్కడితో ఆగిపోతుంది. 'కిందటి తుపానుకి మీ లైను ఎన్ని రోజులు లేదండీ? ఆ రోజుల్లో ఎవరికి ఫోన్ చేశారు, ఎవరు ఎత్తారు?' అని వినయంగా అడగాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ చూసిన జిల్లాల్లో ఆ ప్రశ్నకు జవాబు ప్రతివారి దగ్గరా ఉంటుంది. తిత్లీకి ఉద్దానంలో స్తంభాలు పడిపోయినప్పుడు, వాటి మీదున్న కేబుళ్లూ వాటితోపాటే పడ్డాయి. మన దారిలో ఎంత భాగం భూమిలో ఉందో, ఎంత స్తంభాల మీద ఉందో అప్పుడు చెప్పాలి. ఉన్నది ఉన్నట్టే చెప్పాలి.

ధర నిర్మాణంలో మూడు విషయాలు వేరుగా కనిపించాలి: ఒకసారి కట్టే స్థాపన ఖర్చు, నెలసరి అద్దె, ఒప్పందపు గడువు. మూడేళ్లకు సంతకం చేసే ఖాతాదారుకు స్థాపన ఖర్చును అద్దెలో కలిపి వసూలు చేయవచ్చు గానీ, మధ్యలో వదిలేస్తే మిగిలినది కట్టాలనే నియమం స్పష్టంగా రాసుకోవాలి. 18 శాతం జీఎస్‌టీని విడిగా చూపించాలి. సాధారణంగా జీఎస్‌టీ కట్టే వ్యాపారికి అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది కానీ, ఆసుపత్రులు, కళాశాలల సేవలు చాలావరకు జీఎస్‌టీ మినహాయింపులో ఉంటాయి కనుక వారికి అది నికరమైన ఖర్చే అవుతుంది. ఈ తేడా తెలిసిన సేల్స్ మనిషిని అకౌంటెంటు గౌరవంగా చూస్తాడు. చాలా కుటుంబ వ్యాపారాల్లో యజమాని సంతకం పెట్టేది ఆ అకౌంటెంటు తల ఊపిన తరువాతే.

అయిదో అడుగు: పూచీ పత్రం రాయడం

ఎస్‌ఎల్‌ఏలో, అంటే ఈ పూచీ పత్రంలో, శాతాలు రాయడం తేలిక. 99.5 శాతం అంటే 30 రోజుల నెలలో 3 గంటల 36 నిమిషాలు లైను ఉండకపోవచ్చని అర్థం, 99.9 శాతం అంటే 43 నిమిషాలు. ఖాతాదారుకు ఇచ్చే కాగితంలో శాతంతోపాటు ఈ గంటలూ నిమిషాలూ కూడా రాయాలి. రింగ్ లేని ఒంటి లైనుకు 99.9 రాసేముందు, తెగిన ఫైబర్‌ను అతికించే స్ప్లైసింగ్ మెషిన్ రాత్రిపూట ఎక్కడ ఉంటుందో ఆలోచించాలి. అది విశాఖలో ఉంటే, దాదాపు 180 కిలోమీటర్ల దూరంలో ఉన్న పలాసకు మనిషి చేరడానికే మూడు గంటలకు పైగా పడుతుంది; తెగిన చోటు వెతకడం, అతికించడం ఆ తరువాతి మాట. నాలుగు గంటల్లో బాగుచేస్తామని పలాస ఖాతాదారుకు అమ్మాలంటే, టెక్కలిలోనో పలాసలోనో మెషినూ, మనిషీ, తెగిన చోటు ఎంత దూరంలో ఉందో చూపే ఓటీడీఆరూ ఉండాలి. సంఖ్య రాయడానికి అర్హత వచ్చేది వాటితోనే.

లేటెన్సీని (డేటా చేరడంలో జాప్యాన్ని) కూడా దూరంతో లెక్కగట్టి రాయాలి. ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు పడుతుంది. హైదరాబాద్ దాకా కేబుల్ దారి 700 కిలోమీటర్లు అనుకుంటే, రానూ పోనూ 7 మిల్లీసెకన్లు దూరానికే సరిపోతాయి. దానికి పరికరాల జాప్యం, రెండో దారికి మారినప్పటి అదనపు దూరం కలిపి, కొంత వెసులుబాటుతో సంఖ్య ఇవ్వాలి. పరిహారం గురించి రాసే భాగం చిన్నదిగా, బేషరతుగా ఉంటే చాలు.

ముందే తెలిసిన ఆటంకాలకు నోటీసు ఇచ్చే పద్ధతి కూడా ఇందులో భాగమే. విజయనగరంలో పైడితల్లి సిరిమాను మూడు లాంతర్ల నుంచి కోట దాకా తిరిగే దారిలో ఓవర్‌హెడ్ కేబుల్ ఉన్న ఆపరేటరు, ఉత్సవానికి ముందే డేటా ట్రాఫిక్‌ను మరో కేబుల్ దారికి మార్చి, ఆ సంగతి ఖాతాదారుకు రాతపూర్వకంగా తెలియజేయాలి.

ఆరో అడుగు: ఖాతాదారును చేరడం

పెద్ద హోర్డింగుల వల్ల ఈ సరుకు అమ్ముడుపోదు. సీసీటీవీ కెమెరాలు బిగించేవారు, యూపీఎస్, కంప్యూటర్ దుకాణదారులు, ట్యాలీ అమ్మేవారు ఏ సంస్థ కొత్త శాఖ తెరుస్తోందో అందరికన్నా ముందే తెలుసుకుంటారు. వారికి ఒక్కసారి కమీషన్ ఇచ్చి వదిలేయకుండా, సర్క్యూట్ నడిచినన్నాళ్లూ నెలసరి వాటా చిన్నదైనా ఇస్తే సమాచారం ఆగకుండా వస్తుంది. మొదటి సమావేశానికి సేల్స్ మనిషితోపాటు ఒక ఇంజినీరు తప్పక వెళ్లాలి. కేబుల్ ప్రాంగణంలోకి వచ్చే చోటు, రాక్ ఉన్న గది, అక్కడి ఎర్తింగ్, యూపీఎస్ చూసి, ఫొటోలు తీసి, రెండు పేజీల ప్రతిపాదన రాయాలి. ఆ ప్రాంగణం గీత, కేబుల్ దారి అందులో ఉంటే చాలు. కంపెనీ ఘనచరిత్ర అవసరం లేదు. వీలైతే వారం రోజుల ట్రయల్ ఇవ్వడం మంచిది, అయితే ఫైబర్ అప్పటికే భవనం గుమ్మం దాకా ఉన్నచోట మాత్రమే.

ఏడో అడుగు: పరీక్షించి అప్పగించడం, తరువాత నిలుపుకోవడం

లైను వెలిగిందని ఫోన్ చేసి చెప్పడం అప్పగింత కాదు. 2011లో వచ్చిన వై.1564 అనే ఈథర్‌నెట్ సేవల పరీక్షా ప్రమాణం పద్ధతిలో సర్క్యూట్‌ను పరీక్షించి, సీఐఆర్, జాప్యం, జిట్టరు, ఫ్రేముల నష్టం ఎంతో చూపే నివేదికను ఖాతాదారు చేత సంతకం చేయించుకోవాలి. 1999 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2544 పరీక్ష నెట్‌వర్క్ పరికరాలను ప్రయోగశాలలో కొలవడానికి ఉద్దేశించినది. సేవ నాణ్యత చూపడానికి అది చాలదు. అప్పగింత రోజునే ఖాతాదారు ఒక పెద్ద ఫైలు కాపీ చేసి '100 ఎంబీపీఎస్ అన్నారు, 26 కూడా రావడం లేదు' అనడం పరిపాటి. పాత సాఫ్ట్‌వేర్ 64 కిలోబైట్ల విండోతో (అందిందన్న జవాబు వచ్చేలోగా పంపగల డేటాతో) పనిచేస్తుంటే, 20 మిల్లీసెకన్ల రానుపోను జాప్యం మీద ఒక్క కనెక్షన్‌కు వచ్చే గరిష్ఠ వేగం అంతే. నాలుగు ఫైళ్లు ఒకేసారి కాపీ చేయించి చూపిస్తే సందేహం అక్కడే తీరిపోతుంది. ఖాతాదారు సొంత వీల్యాన్ ట్యాగులు (తన విభాగాల డేటాను వేరుచేసే గుర్తులు) మన నెట్‌వర్క్‌లో చెక్కుచెదరకుండా దాటుతున్నాయో లేదో కూడా అప్పుడే చూడాలి.

ఆ తరువాత నెలకొక పేజీ నివేదిక పంపాలి: ఎంత వాడారు, ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, ఎన్ని నిమిషాల్లో తిరిగి వచ్చింది. ఫిర్యాదు రాకముందే మనమే ఫోన్ చేసి 'మీ లైను పది నిమిషాల కిందట ఆగింది, మనిషి బయలుదేరాడు' అని చెప్పగలిగేలా వై.1731 అనే పర్యవేక్షణ ప్రమాణం ద్వారా సర్క్యూట్‌ను నిరంతరం గమనించే ఏర్పాటు ఉండాలి. వాడకం పని గంటల్లో తరచుగా సీఐఆర్‌లో 70 శాతం దాటుతున్నప్పుడు పెంపు గురించి మాట్లాడవచ్చు; నివేదికలోని గ్రాఫే ఆ ప్రస్తావనకు ఆధారం. అక్టోబరు తుపాన్లకు ముందే, సెప్టెంబరు లోగా ప్రతి ఈథర్‌నెట్ ఖాతాదారు దారినీ నడిచి చూసి, వాలిన స్తంభాలు, తెరుచుకుపోయిన జాయింట్ పెట్టెలు, చెట్ల కొమ్మలు సరిచేయించి, ఆ పని జరిగిందని ఫొటోలతో సహా వారికి పంపాలి. ఒప్పందం ముగియడానికి మూడు నెలల ముందు కొత్త ధరతో వెళ్లాలి. పోటీదారు వెళ్లేది కూడా సరిగ్గా ఆ సమయంలోనే.